సున్నా నలుపు

ఒక రంగు ఉన్నట్టా, లేనట్టా అని తేల్చడమే నా ఉద్యోగంలో పెద్ద భాగం. టీవీకి తగిలించి ఆడే పాత ఆట పెట్టెలకు ప్రోగ్రాములు రాశాను. తర్వాత ఫోన్లకూ రాశాను కానీ వాటి గురించి చెప్పగలిగినవాళ్లు చాలామంది ఉన్నారు. పాత పెట్టెల గురించి రాయమని స్రవంతి అడిగింది. ఆ అమ్మాయిది గోదావరిఖని. నాన్న బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. తను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఉంది. పాత ఆటలను ఇప్పటి యంత్రాల మీద నడిచేలా చేయడం వాళ్ల పని. కొత్తగా చేరినవాళ్లకు పనికొచ్చేది ఏదైనా రాయండి సార్ అంది.

రాయడానికి కూర్చుంటే నాకు తెలిసిందేది, తెలియనిదేది అని విడదీయడమే కష్టంగా ఉంది. తెలిసింది తక్కువ, ఎవరికైనా తొందరగా చెప్పేయవచ్చు. తెలియనిది ఒక కిటికీ దగ్గర ఆగిపోయింది. ఆ కిటికీ బొమ్మ వేసిన పోశెట్టి పోయిన వానాకాలం చనిపోయాడు. కాబట్టి ఇది పాఠంలా మొదలైనా చివరిదాకా పాఠంలా ఉంటుందని మాట ఇవ్వలేను. జీతాలు, హోదాలు, కంపెనీలు మారడాలు వదిలేస్తున్నాను. వాటి వల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

మందుల దుకాణం మీద గది

మా ఆఫీసు కరీంనగర్‌లో, ముకరంపురలో ఒక మందుల దుకాణం మీద ఉండేది. యజమాని రావు సారు. కొన్నేళ్లు బయటి దేశంలో ఉండి వచ్చిన మనిషి. అక్కడి కంపెనీ ఒకటి తయారుచేస్తున్న ఆటలో కొంత పని మాకు పట్టుకొచ్చాడు. ఆట ఒక పాత కోట ఊళ్లో జరుగుతుంది. సందులు, సంత, మేడలు, మనుషులు. బొమ్మలు ఇక్కడివాళ్లు వేసినట్టే ఉండాలని వాళ్ల షరతు. మొదట హైదరాబాద్ కుర్రవాళ్లతో వేయించి పంపితే, ఇవి క్యాలెండర్ బొమ్మలని తిప్పి పంపారు. అప్పుడు సారు నిర్మల్ వెళ్లి పోశెట్టిని వెంట తీసుకొచ్చాడు.

పోశెట్టి కొయ్యబొమ్మలకు రంగులు వేసే ఇంట్లో పుట్టాడు. పలకల మీద చిత్రాలు కూడా వేసేవాడు. నాకంటే పెద్దవాడు. కంప్యూటర్ ముట్టుకోవడం అదే మొదలు.

"ఖాజా భాయ్, గీ ఎలుక నా మాట ఇంటలేదే," అన్నాడు మౌస్ పట్టుకుని.

"కొత్తోడివి గదా అన్నా, బెదురుతున్నది. జర మెల్లగ పట్టు."

"బెదురుడు అది కాదు, నేను."

కొన్నాళ్లు అట్టల మీద వేసి తెచ్చేవాడు. మేము స్కానర్‌లో పెట్టేవాళ్లం. తర్వాత మౌస్ కూడా లొంగింది. చుక్క పక్కన చుక్క పెట్టడం తనకు కుంచె కంటే తేలికగా ఉందని, కుంచె వణుకుతుంది కానీ ఇది వణకదని అన్నాడు. మా ఇద్దరి బల్లలూ పక్కపక్కనే ఉండేవి. మధ్యలో ఒక టీవీ. అతను వేసింది నేను పెట్టెలోకి ఎక్కించేవాణ్ని, టీవీలో ఎలా వస్తుందో ఇద్దరం చూసేవాళ్లం. మా పని ఇంతే. ఎన్నో ఏళ్లు ఇంతే.

గుండ్లు

ఇక్కడ కొంచెం యంత్రం గురించి చెప్పాలి.

ఆ పెట్టెలో ఒక చుక్క రంగు రాయడానికి పదహారు బిట్లు ఉంటాయి. బిట్ అంటే సున్నా గానీ ఒకటి గానీ పట్టే గడి. ఎరుపుకు ఐదు, ఆకుపచ్చకు ఐదు, నీలానికి ఐదు పోతే ఒకటి మిగులుతుంది. పదహారూ సున్నాలైతే ఆ చుక్కను గీయవద్దని యంత్రం అర్థం చేసుకుంటుంది. అలా చేయడానికి కారణం ఉంది. బొమ్మలన్నీ చదరాలుగా దాచుకుంటాం. చెట్టు చదరంగా ఉండదు. చదరంలో చెట్టు పోగా మిగిలిన చోటును ఖాళీగా వదిలేయాలి, వెనక ఉన్నది కనబడాలి. ఆ ఖాళీకి గుర్తు సున్నా.

అయితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ లేకపోతే వచ్చేది నలుపు. అంటే నలుపుకూ ఖాళీకీ ఆ యంత్రంలో ఒకటే సంఖ్య. నలుపు నలుపుగానే నిలబడాలంటే మిగిలిన ఆ పదహారో బిట్‌ను ఒకటి చేయాలి. ఈ సంగతి నేను చదివే ఉన్నాను. చదివితే ఏమైంది?

మొదటి విడత బొమ్మలు పంపాక అవతలివాళ్ల నుంచి ప్రశ్న వచ్చింది. మీ ఆడవాళ్ల తలల్లోంచి వెనక గోడ ఎందుకు కనిపిస్తోంది, తలల మీద ఆ బంగారు తీగలేమిటి అని. టీవీలో పెట్టి చూశాం. సంతలో ఆడవాళ్లందరికీ ముఖాలు ఉన్నాయి, బొట్లు ఉన్నాయి, జుట్టు లేదు. జుట్టు ఉండాల్సిన చోట సన్నటి బంగారు గీతలు గాలిలో వేలాడుతున్నాయి.

రావు సారు చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు. "పోశెట్టీ! గిదేందయ్యా? అందర్ని ఒక్కపారే వేములాడ గుడికి తోల్కపోయి గుండ్లు కొట్టిచ్చినవా?"

"నేను జుట్టు పెట్టిన సార్. అట్ట చూడుండ్రి."

"ఏడ పెట్టినవు? చూపియ్యి."

పోశెట్టి అట్ట తీసి చూపించాడు. జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది.

"మరి రంగు పెట్టినవా ఆడ?"

"పెట్టలే సార్. నలుపుకు రంగెందుకు పెడ్తం? నలుపు పలకదే గదా."

అప్పుడు అర్థమైంది. నిర్మల్‌లో పలక మొత్తానికి ముందే నలుపు పూస్తారు. దాని మీద ముఖం, చీర, ఆకులు వేసుకుంటూ వస్తారు. నలుపు కావలసిన చోట ఏమీ వేయరు. పలకను అలాగే వదిలేసి, పైన వెంట్రుకలు తెలియడానికి బంగారు గీతలు మాత్రం లాగుతారు. పోశెట్టికి జుట్టు అంటే ముట్టుకోకుండా వదిలేసిన చోటు. యంత్రానికి కూడా అంతే. ఇద్దరూ ఒకే మాట అనుకున్నారు, మధ్యలో ఆడవాళ్లకు జుట్టు పోయింది.

తప్పు ఎవరిదని సారు అడిగాడు. ఇప్పటికీ నాకు తెలియదు. బొమ్మ వేసినవాడు తన పద్ధతిలో సరిగ్గా వేశాడు. యంత్రం తన పద్ధతిలో సరిగ్గా చదివింది. కొత్తవాళ్లకు నేను చెప్పగలిగే మొదటి సంగతి ఇదే. తప్పు ఎక్కడో ఒకచోట ఉండి తీరాలని వెతకకండి. ఒక్కోసారి అది ఎక్కడా ఉండదు.

పరిష్కారం తేలికే. ఆ పెట్టెలో జ్ఞాపకం తక్కువ కాబట్టి ప్రతి చుక్క దగ్గరా రంగు రాయం. పదహారు రంగుల పట్టీ ఒకటి చేసుకుని, చుక్క దగ్గర పట్టీలో ఎన్నవ గదో రాస్తాం. కాబట్టి పట్టీలో నలుపుకు రెండు గదులు ఇచ్చాం. ఒకటి పదహారూ సున్నాలు. రెండోది పదహారో బిట్ ఒకటి. పోశెట్టి వాటికి పేర్లు పెట్టాడు. ఉత్త నలుపు, నిండు నలుపు. వారంలో అతనికి అలవాటైపోయింది. ఆ తర్వాత అతను వేసిన ఏ బొమ్మలోనూ ఆ రెండూ కలగాపులగం కాలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు అవసరం పడుతుంది.

అదే బిట్, వేరే మాట

రెండో గొడవ ముసుగుతో వచ్చింది. కథలో ఒక రాణి ఉంది, ముఖం మీద పల్చటి ముసుగు. వెనక ముఖం సగం తెలియాలి. ఆ పెట్టె రంగులను కలపగలదు. ముందున్న రంగు సగం, వెనకున్న రంగు సగం తీసుకుంటుంది. కూడగలదు, తీసివేయగలదు కూడా. కానీ దూరం అంటే దానికి తెలియదు. ఏది ముందు గీయమంటే అది గీస్తుంది. ముసుగును ముఖం కంటే ముందు గీస్తే ముసుగు గోడతో కలుస్తుంది, దాని మీద ముఖం అతుక్కుంటుంది. కాబట్టి వెనక ఉన్నవి ముందు గీసేలా వరస పెట్టుకోవాలి. అది నేను సరిగ్గానే పెట్టాను.

ముసుగుకు పోశెట్టి నల్లటి అంచు వేశాడు, నిండు నలుపుతో. టీవీలో ఆ అంచు పొగలా వచ్చింది. రెండు రోజులు తల పట్టుకున్నాను. చివరికి తేలిందేమిటంటే, మామూలు బొమ్మలో పదహారో బిట్ నలుపును కాపాడుతుంది. కలపమని చెప్పిన బొమ్మలో మాత్రం అదే బిట్‌కు 'నన్ను కలుపు' అని అర్థం. ఒకచోట నిలబెట్టేది ఇంకోచోట కరిగిస్తుంది. ఇలా ఎందుకు చేశారో నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత అర్థమైందని అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే మళ్లీ అనుమానంగా ఉంది.

దానికి విరుగుడు, నలుపులో ఒక్క మెట్టు నీలం వేసి ఆ బిట్‌ను సున్నాగా ఉంచడం. అప్పుడు అది సున్నా కాదు, కలవదు, చూసేవాడికి నలుపే. పోశెట్టికి చెప్పాను.

"మా అవ్వ తెల్ల అంగీలకు నీలం పెడ్తుండె," అన్నాడు. "నువ్వు నలుపుకు పెడ్తున్నవు. మంచిగున్నది భాయ్ మీ కార్ఖానా."

రావు సారు గురించి

రావు సారు మంచి యజమాని కాదు, చెడ్డవాడూ కాదు. గట్టిగా అరిచేవాడు. అరిచిన తర్వాత చాయ్ తెప్పించేవాడు. ఆటగాడికి కనబడనిది లేనట్టే అన్నది ఆయన సిద్ధాంతం. ఇంటి ముందు గోడ వేస్తే చాలు, వెనక గోడ ఎందుకు అనేవాడు. జ్ఞాపకం తక్కువున్న యంత్రంలో అది సరైన మాట. పోశెట్టి వినేవాడు కాదు. బండి అడుగుభాగానికి కూడా బొమ్మ వేసేవాడు, తలుపు లోపలి వైపు వేసేవాడు. మూసిన పెట్టె లోపల కూడా ఏదో వేసేవాడు.

"ఎవడు చూస్తడయ్యా కింద?" అని సారు ఒకసారి కాగితాలు బల్ల మీద కొట్టాడు.

"పోరగాండ్లు బొమ్మను తిరగేస్తరు సార్," అన్నాడు పోశెట్టి. "మా బాపు ఏనుగు కాళ్ల కింద గూడ రంగు పెడ్తుండె. కొన్నోడు చూడడు. పోరడు చూస్తడు."

"గిది టీవీలుంటది. ఎట్ల తిరగేస్తరు?"

"ఎరుకలే సార్. ఏదో తీర్గ తిరగేస్తరు."

సారు చాయ్ తెప్పించాడు.

ఆయన పెట్టిన నియమాల్లో ఒకటి మాత్రం నేను ఉద్యోగం చేసినంతకాలం పాటించాను. బొమ్మలో ఏదైనా అర్థం కాకపోతే ఊహించవద్దనేవాడు. ప్రోగ్రాంలో ఆ వరస పక్కనే 'పోశెట్టిని అడగాలి' అని రాయాలి. యంత్రం ఆ మాటను చదవదు, మనుషుల కోసమే. అడిగాక తీసేయాలి. అడగకుండా తీసేయకూడదు. డిస్క్ బయటికి వెళ్లే రోజుకు అలాంటి మాట ఒక్కటీ మిగలకూడదు. మా ఆట వెళ్లిన రోజు ఒక్కటీ మిగల్లేదు. నేనే చూశాను.

స్రవంతి ఫోను

చాలా ఏళ్లకు, ఆ ఆటను కొత్త యంత్రాల మీదికి తెచ్చే పని స్రవంతి చేతికి వచ్చింది. ఆట చివర వచ్చే పేర్లలో నా పేరు చూసి, ఎవరినో అడిగి, నంబరు పట్టుకుంది.

"సార్, సంత వెనక సందుల ఒక మేడ ఉన్నది గదా. పై కిటికీ మీకు యాదికున్నదా?"

"ఉన్నది. బంగారు జాలీ."

"జాలీ కాదు సార్. ఆడామె."

ఆ కిటికీలో సన్నటి బంగారు గీతలు ఉంటాయి. వాటి వెనక గది కనబడుతుంది. నేను ఇన్నేళ్లూ దాన్ని కిటికీ జాలీ అనే అనుకున్నాను. ఆడినవాళ్లందరూ అలాగే అనుకుని ఉంటారు.

"పట్టీ చూసిన సార్," అంది స్రవంతి. "బొమ్మ చుట్టున్న ఖాళీ సున్నా గదిల ఉన్నది. కానీ లోపట ఇంకో గది వాడిండ్రు, ఐదో గది. అండ్ల గూడ సున్నాలే ఉన్నయి. అందుకే రెండు కనవడతలేవు. ఐదో గదికి ఊకె వేరే రంగు ఇచ్చి చూసిన. ఒకామె వచ్చింది సార్. చీర, కొంగు, జుట్టు, అన్ని. గీతలు ఆమెయే."

బొమ్మను నాకు పంపింది. కిటికీకి ఆనుకుని ఒక ఆడమనిషి కిందికి చూస్తోంది. నల్ల చీర. ముఖం కొంగు నీడలో ఉంది, అది కూడా ఐదో గదే. బంగారు గీతలు కొంగు అంచు, చీర మడతలు, పాపిట, ముక్కు దూలం, చేతి వేళ్లు. పోశెట్టి గీతలే, నాకు అనుమానం లేదు.

"గిది బగ్గే గదా సార్? పదహారో బిట్ మర్చిపోయినట్టున్నరు. ఒక్క సంఖ్య మారిస్తే ఆమె వచ్చేస్తది. సోమారం నాటికి మేం బంద్ చేయాలె. అటెన్క ముట్టుకోనియ్యరు. వేసిన సారుకు ఒక మాట ఫోన్ చేసి అడుగుదామా?"

"లేడమ్మా," అన్నాను.

"అయ్యో, సారీ సార్," అంది. "అయితే మీరే చెప్పుండ్రి. మీరు ఏదంటే అది చేస్తం."

రెండు వైపులా

పోశెట్టి చేసిన బొమ్మ ఇకపై ఎలా ఉండాలో నేను చెప్పాలి. సోమవారం తర్వాత ఎవరూ మార్చరు. అతను ఎలా అనుకున్నాడో అలా ఉండాలన్నది తప్ప నాకు వేరే కోరిక లేదు. అతను ఎలా అనుకున్నాడో తెలియదు.

మర్చిపోయాడని అనుకుందామంటే, అతను ఆ రెండు నలుపులనూ ఎన్నడూ కలిపేయలేదు. కావాలనే ఖాళీగా వదిలాడని అనుకుందామంటే, ఆమెకు వేరే గది ఎందుకు ఇస్తాడు? ఖాళీ, చీర ఒకటే సంఖ్య అయినప్పుడు ఒకటే గది సరిపోతుంది. పదహారు గదుల పట్టీలో ఒక గది వృథా చేయడం చిన్న సంగతి కాదు. ఒక్క గది కోసం మేం పోట్లాడుకున్న రోజులున్నాయి.

పైగా, కనబడకూడని మనిషికి అంత వివరంగా చీర మడతలు ఎందుకు?

ఇంకో దారి కూడా ఉంది. మొదట్లో ఆ సందుకు సాయంత్రం దృశ్యం ఒకటి అనుకున్నారు, దీపాలు వెలిగిస్తారు. అప్పుడు పట్టీ మారుస్తాం. అదే బొమ్మకు వేరే రంగులు వస్తాయి. పగలు లేని మనిషి దీపం పెట్టగానే కనబడాలని అతను అనుకుని ఉండవచ్చు. అవతలివాళ్లు ఆ దృశ్యం తీసేశారు. ఆ సాయంత్రపు పట్టీ ఎక్కడా లేదు. అతను నాతో ఆ మాట అన్నట్టు గుర్తు లేదు. అనలేదని కూడా గట్టిగా చెప్పలేను.

అతను ఆ కిటికీని టీవీలో చూశాడు. అది మాత్రం నిజం. ఆట పూర్తయ్యాక సందులన్నీ ఇద్దరం తిరిగి చూశాం. ఏమీ అనలేదు. కానీ పోశెట్టి తన పని గురించి ఎన్నడూ ఏమీ అనేవాడు కాదు. జుట్టు పోయినప్పుడు కూడా సారు అడిగేదాకా అనలేదు.

ఇక కిటికీ వెనకున్న గది. ఆమె ఖాళీగా ఉండబట్టి ఆమెలోంచి వెనక గది కనబడుతుంది. చెక్క అల్మారా, దాని మీద కొయ్య చిలక, ఎడ్లబండి, మూత లేని డబ్బా. ఆమెను నింపితే అవి సరిగ్గా ఆమె వెనక్కి పోతాయి. కనబడని చోట ఎవరైనా అంత శ్రద్ధగా వేస్తారా? అంటే కనబడాలనే వేశాడు. అక్కడ నాకు ఒక రోజంతా తేలిపోయినట్టు అనిపించింది. మర్నాడు ఏనుగు కాళ్ల కింది రంగు గుర్తొచ్చింది. పోశెట్టి కనబడని చోటే వేస్తాడు.

నిర్మల్

జగిత్యాల మీదుగా బస్సులో వెళ్లాను. పోశెట్టి భార్య రాజవ్వ ఇంట్లోనే ఉంది. ఆమె కూడా బొమ్మలకు రంగులు వేసేది. ఇప్పుడు చూపు సరిగా ఆనడం లేదని మానేసింది. నన్ను చూడగానే చాప పరిచి, విడిచిపెట్టకుండా చాయ్ తాగమని, తిన్నవా అని, ఇంట్ల అందరు మంచిగున్నరా అని అడిగింది. ఆయన మాట ఇద్దరం ఎత్తలేదు. ఆ తర్వాత నేనే లాప్‌టాప్ తెరిచాను.

ఆటలో ఉన్నట్టు, గీతలతో ఉన్న కిటికీ చూపించాను. దగ్గరికి వంగి చూసింది.

"గీ అల్మార మాదే," అంది.

నేను తలెత్తి చూశాను. గోడకు అదే అల్మారా ఉంది. చిలక లేదు. డబ్బా ఉంది, దానికి ఇప్పుడు మూత ఉంది.

"ఇప్పుడు ఇది చూడు వదినా," అని నింపిన బొమ్మ చూపించాను.

చాలాసేపు చూసింది. "గీమె ఎవలు?"

"నీకే ఎరుకుంటదని వచ్చిన."

"నేను నల్లచీర ఎన్నడు కట్టలే. మా అత్త కడుతుండె. కానీ అత్త ముక్కు గిట్ల లేకుండె." నా వైపు తిరిగింది. "భాయ్, నాకు ఎరుకలేని ఆమె ఎవలన్న ఉన్నదా కరీంనగర్‌ల? నువ్వు దోస్తువు గదాని దాస్తున్నవా?"

"ఖుదా కసం వదినా! ఆయనకు చాయ్ తాగేతందుకే టైం లేకుండె."

నవ్వింది. కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. "ఊకె అన్న. ఆయనకు గంత ధైర్యం యాడిది?"

మళ్లీ చూపించమంది. అదెయ్యి, ఇదెయ్యి అని ఒకదాని తర్వాత ఒకటి చాలాసార్లు మార్పించింది.

"నింపితే అల్మార పోతది గదా?"

"పోతది."

"ఇడిసిపెడితే ఆమె పోతది."

"అవు."

"గిదేం మిషిని భాయ్! ఇద్దరికి జాగ ఇయ్యదా?"

ఇద్దరికీ చోటిచ్చే పద్ధతి ఉంది. సగం ఆమె, సగం గది. అదీ చూపించాను. ఆమె వెంటనే తల తిప్పుకుంది.

"తీసెయ్. పొగ లెక్కున్నది. ఆయన గిట్లాంటియి చెయ్యడు."

ఆ ఒక్క విషయంలో మాత్రం మాకిద్దరికీ అనుమానం లేకపోయింది.

లాప్‌టాప్ మూశాను. చాయ్ చల్లారింది, మళ్లీ వేడి చేసి తెచ్చింది. అప్పుడు అడిగింది. "మీరిద్దరు గన్నేండ్లు పక్కపక్కపొంటి కూసున్నరు. ఒక్కపారన్న అడగకపోయినవా, గీమె ఎవలే అని?"

"నేను జాలీ అనుకున్న వదినా. ఆమె ఉన్నదని ఎరుకైతే గదా అడుగుడు."

"అది గూడ నిజమే." గ్లాసు నా ముందు పెట్టింది. "నేను కాపురం చేసిన. నాకే ఎరుకలేదు. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఏది ఉంచమంటావని అడిగాను. ఆమె చెప్పలేదు. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "ఏది పెట్టినా ఆయన పేరు ఉంటది గదా ఆఖర్ల?" అని మాత్రం అడిగింది. ఉంటుందని చెప్పాను.

సోమవారం ముందు

తిరుగు బస్సులో నాకు ఏ నిర్ణయమూ తట్టలేదు. ఒక లెక్క మాత్రం వేసుకున్నాను. దాన్ని కొత్తవాళ్ల కోసం రాస్తున్నాను. సరైనదో కాదో తెలియదు.

ఖాళీగా వదిలేస్తే, ఐదో గది వేరుగా ఉందని ముందెప్పుడైనా ఎవరైనా చూడవచ్చు. ఎందుకు వేరుగా ఉందని వాళ్లు కూడా ఆగుతారు. స్రవంతి ఆగింది. నింపేస్తే కిటికీలో ఒక ఆడమనిషి ఉంటుంది. ఉండాల్సిన మనిషే అనుకుని అందరూ ముందుకు పోతారు. ఆమె ఒకప్పుడు కనబడలేదని, దాని వెనక ఒక మనిషి ఏదో ఆలోచించాడని లేక మరిచిపోయాడని ఎవరికీ తెలియదు. నింపడం ఎప్పుడైనా ఎవరైనా చేయగలరు. నింపినదాన్ని చూసి ఇది మొదట ఖాళీ అని కనిపెట్టడం ఎవరి వల్లా కాదు.

ఇది పోశెట్టి ఉద్దేశం అని నేను అనడం లేదు. అతని ఉద్దేశం దొరకనప్పుడు నేను చేయగలిగింది ఇంతే అనిపించింది. ఇల్లు చేరాక స్రవంతికి ఫోన్ చేశాను.

"సున్నా అట్లనే ఉండనియ్యి అమ్మా."

"నింపొద్దా సార్?"

"వద్దు."

"ఇంట్లోళ్లు ఏమన్నరు? ఎవలు ఆమె?"

"వాళ్లకు గూడ ఎరుకలేదు."

"అట్లనా..." కొంచెం నిరాశ పడింది. ఆమెను బయటికి తీసింది తనే కదా. "సరే సార్. కానీ మా దగ్గర ఒక రూల్ ఉన్నది. చూసినంక మార్చకుండ ఇడిసిపెడితే, ఎందుకు ఇడిసిపెట్టినమో ఆ వరస పక్కపొంటి రాయాలె. ఏం రాయాలె? బగ్ అని రాయాల్నా, కావాల్నని చేసిండ్రు అని రాయాల్నా?"

"రెండు వద్దు."

"మరి?"

"పోశెట్టిని అడగాలి అని రాయి."

"సార్," అంది మెల్లగా, "ఆయన లేడని మీరే అన్నరు గదా."

"అవు. అట్లనే రాయి."

కీబోర్డు మీద వేళ్లు ఆడిన చప్పుడు వినబడింది. తర్వాత ఆగింది.

"రాసిన సార్. కానీ నా అటెన్క వచ్చినోళ్లు గిదేంది అని తీసేస్తరేమో."

"తీసెయ్యనియ్యి," అన్నాను. "అడిగినంక తీసెయ్యమను."